పసుపు అంటిన చక్రం

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది మా ఆయన పోయిన తరవాత, వయోజనుల బడిలో. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. తప్పులుంటే పెద్దమనసు చేసుకుని దిద్దుకుని చదవండి. చెయ్యి నెమ్మదే గాని కథ నెమ్మది కాదు.

* * *

చీపురుపల్లిలో రైల్వేగేటు ఇవతల ఇమ్మానుయేలు టైర్ల షెడ్డు ఉంది. ఆ మధ్యాహ్నం అందులో పోలీసులు పంచనామాకని తెప్పించిన నాలుగు చక్రాలు వెల్లకిలా పడుకోబెట్టి ఉన్నాయి. కిందటి నెల వరకూ వాటి మీద ప్రకాష్ అనే లెక్కల మాస్టారు బడికీ చర్చికీ తిరిగాడు. ఒక ఆదివారం ఉదయం వానలో, ఒక్కడే కారు నడుపుకుంటూ భోగాపురం దగ్గర హైవే మీద వంపు తిప్పబోయాడు. స్టీరింగు తిరిగింది గాని కారు తిరగలేదు. నేరుగా జారుకుంటూ పోయి కల్వర్టు గోడని గుద్దుకుంది.

ఆ కారుకి టైర్లు వేసినవాడు ఇమ్మానుయేలు. ప్రకాష్ భార్య మెర్సీ అతనికి సొంత చెల్లెలు.

డిటెక్టివ్ పద్మకుమారిని పిలిపించింది మెర్సీయే. "మా అన్నియ్య పాత టైర్లేసి మా ఆయన్ని సంపేసేడని ఊరంతా అంటంది మేడం. అవునో కాదో తేల్చి సెప్పండి. అవునన్నా ఫర్లేదు. నానెవరితో మాటాడాలో ఎవరితో మానియ్యాలో నాకు తెలియాల గదా" అని అడిగింది. భర్తని సమాధి చేసిన రోజు నుంచీ ఆమె అన్నతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు కూడా షెడ్డు గోడకి ఆనుకుని, అతనికి ఎంత దూరంగా నిలబడవచ్చో అంత దూరంగా నిలబడింది.

పద్మకుమారి ఇరవై ఏళ్ళు బీమా కంపెనీలో విరిగిన బళ్ళు చూసే పని చేసింది. అది మానేసి విజయనగరంలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. చేతిసంచీలో చిన్న టార్చి, బొట్టు దిద్దుకునే అద్దం ఒకటి ఎప్పుడూ ఉంటాయి. ఆ అద్దంతో ఆవిడ బొట్టు దిద్దుకోవడం ఎవరూ చూడలేదు.

బయట కారు హారను మోగింది. సీఐ జయకృష్ణ సొంత బండిలో వచ్చాడు. వాన పడుతోందని బండిని తిన్నగా షెడ్డులోకే పోనిచ్చి దిగాడు. వెనకాలే హెడ్ కానిస్టేబుల్ కూర్మయ్య దిగాడు.

"మీరు కూడా వచ్చారా" అన్నాడు సీఐ పద్మకుమారిని చూసి. కిందటేడు ఆయన మూసేసిన ఒక కేసుని ఆవిడ తెరిపించింది. అది ఆయన మరిచిపోలేదు. "డొక్కు బళ్ళు చూసుకునే వాళ్ళకి చావు కేసులు ఎందుకండీ?"

"చచ్చినవాళ్ళలో సగం మంది డొక్కు బళ్ళలోనే కదండీ చచ్చింది."

"ఇవాళ ఈ టైర్లు విప్పించి పంచనామా రాస్తాను. సాయంత్రానికి వీడిని జీపెక్కిస్తాను. మీకున్న టైము అంతే." ఆయన తన కారు చక్రాన్ని బూటుతో తట్టాడు. "పెద్ద చక్రాలు వేస్తే ప్రమాదం అని పేపర్లో రాస్తున్నారు. నా బండికీ అదే సైజు. వానలో రోడ్డుకి అతుక్కుపోతుంది. టైరు మంచిది అయితే చక్రం ఏం చేస్తుంది? వీడిలాంటి వాళ్ళ దగ్గర కొంటే ఏమవుతుందో అదిగో."

ఇమ్మానుయేలు తల దించుకున్నాడు.

"మొదట్నించీ చెప్పు ఇమ్మానుయేలూ" అంది పద్మకుమారి. "పదిహేను సైజు చక్రాలుండే బండికి పదిహేడు ఎందుకు?"

"బావ సరదా మేడం. ఎవరో అల్లాయ్ చక్రాలు అమ్మేస్తంటే కొనీసేడు. నాను వద్దనే సెప్పేను. సక్రం పెరిగితే టైరు మందం తగ్గాల. నేకపోతే లోపల రాసుకుంటాది. మందం తగ్గితే గోతిలో పడినప్పుడు రిమ్ము వొంగిపోతాది. అయినా ఇన్లేదు. 'నా బండి సూసి బళ్ళో పిల్లలు నవ్వుతన్నారు బావా' అన్నాడు. మరింకేటంటాను."

"మరి ఈ టైరే ఎందుకు ఎంచావు?"

"మూడు రకాలు సూపించేను. ఒకటి విదేశీది. అది మనవల్ల కాదు. రెండోది మరీ సవక. రబ్బరు గట్టిగా ఉంటాది, ఏళ్ళూ పూళ్ళూ అరగదు. కానీ వానొస్తే జారిపోతాది. మూడోది ఇది. ఎండకీ వానకీ పనికొచ్చే మెత్త రబ్బరు. గాడులు లోతుగా ఉంటాయి, నీళ్ళని పక్కకి తోసేస్తాది. బరువు కూడా కాస్తాది. ధరా అందుబాటే. కాపోతే తొరగా అరుగుతాది. 'అరిగితే మళ్ళీ కొనుక్కుందాం గాని జారితే మళ్ళీ నువ్వు నేవు బావా' అన్నాను."

 గోడ దగ్గర మెర్సీ ముఖం పక్కకి తిప్పుకుంది.

"బాగా చెప్పాడు. టైరు మీద అచ్చు కూడా చదవమనండి" అన్నాడు సీఐ. "ఏ వారంలో, ఏ సంవత్సరంలో చేశారో కంపెనీవాడే నాలుగంకెలు కొడతాడు. చివర రెండూ చూడండి. పదకొండు. ఇది రెండువేల పదిహేడు. ఆరేళ్ళు గోడౌన్లో ఎండిపోయిన సరుకుని కొత్తదని సొంత బావకి అంటగట్టాడు. బిల్లు అడిగితే లేదు."

"జీఎస్టీ వస్తందని విశాపట్నం డీలరు సరుకు దులిపేస్తంటే బిల్లు నేకండా తెచ్చేను సార్. అది నా తప్పే. కానీ నాను తెచ్చినవి ఈ ఏడువి. ఎనక పదిహేడని అచ్చున్నాది. నా కళ్ళతో సూసేను."

"నీ కళ్ళని బోనెక్కించమంటావేంట్రా?"

పద్మకుమారి వంగి టైరు మీద గోరు గుచ్చింది. కొబ్బరిచిప్ప మీద గుచ్చినట్టు గోరే వెనక్కి వచ్చింది. గాడులు మాత్రం కొత్తవాటిలా లోతుగానే ఉన్నాయి. అంటే రోడ్డు మీద తిరిగినది కాదు, కొట్లో మూల పడి గట్టిపడినది. చూపుకి కొత్త, పనికి చెత్త. సీఐ చెప్పింది అబద్ధం కాదు.  ఆవిడ మెర్సీ వైపు చూడకుండా అద్దం తీసి రిమ్ము వెనక్కి పెట్టి, టార్చి వెలుగు దాని మీద వేసింది.

రిమ్ము లోపలి వైపు, టైరు అంచు కూర్చునే చోట, పచ్చగా ఏదో గార కట్టి ఉంది.

"టైరు విప్పు" అంది.

ఇమ్మానుయేలు చక్రాన్ని మిషను మీదికి ఎక్కించి టైరు ఊడదీశాడు. పచ్చటి గార టైరు అంచు కిందికంటా ఉంది. పద్మకుమారి దాన్ని గోరుతో గీకి అరచేతిలో వేసుకుంది.

"కూర్మయ్య గారూ, మీ ఖైనీ డబ్బీ ఇలా ఇవ్వండి."

కూర్మయ్య బెదిరిపోయి సీఐ వైపు చూశాడు. "మీకు కూడా అలవాటుందేటి మేడం?"

"పొగాకు మీరే ఉంచుకోండి. సున్నం చాలు."

అరచేతిలో సున్నం కాస్త తడిపి కలిపింది. పచ్చటి పొడి ఎర్రబడింది. పారాణి రంగు.

"మట్టి అయితే ఇలా మారదు. ఇది పసుపు. మెర్సీ, మీ కారుకి పసుపు ఎవరు పెట్టారమ్మా?"

"మా కారుకా?" మెర్సీ మొదటిసారి ముందుకు వచ్చింది. "పాస్టరుగారొచ్చి ప్రార్థన సేసేరు, అంతే. మా అత్త కార్లో నిమ్మకాయ కనిపిస్తే ఊరుకోదు మేడం. కూర కోసం కొన్న నిమ్మకాయలు కూడా సంచీలో పెట్టి ఒళ్ళో ఎట్టుకుని రావాల."

కూర్మయ్య నవ్వబోయి ఆపుకున్నాడు. సీఐ మాత్రం నిజంగానే నవ్వాడు.

"థాంక్సండీ పద్మకుమారి గారూ. నాకు తెలియనిది ఒకటి చెప్పారు. అంటే ఇవి గోడౌన్లో ఎండినవి కూడా కాదు. ఏ హిందువు బండికో పూజ చేయించి వేసినవి. వాళ్ళు విప్పేసినవి తెచ్చి వీడు బావకి వేశాడు. పాతవే కాదు, వాడినవి. రాసుకో కూర్మయ్యా."

 పద్మకుమారి తీసిన పసుపే తాడై ఇమ్మానుయేలు మెడకి చుట్టుకుంది. మెర్సీ అన్న వైపు చూసింది. అడగకుండా అడిగే చూపు అది. ఇమ్మానుయేలు ఆ చూపుని తట్టుకోలేక టైరు లివరుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

పద్మకుమారి ఖాళీ రిమ్ము దగ్గర మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. టైరు విప్పితే గాని కనిపించని చోట పసుపు ఉంది. దాని మధ్య కుంకుమ చుక్క కూడా ఉంది. టైరు ఎక్కించక ముందు, రిమ్ము ఒట్టిదిగా ఉన్నప్పుడు పెట్టిన బొట్టు.

"సీఐ గారూ, బొట్టు ఉన్నది టైరుకి కాదు. రిమ్ముకి. రిమ్ము ప్రకాష్ గారిదే కదా?"

"అయితే?"

"అయితే వాళ్ళ రిమ్ము మీద, టైరు లేనప్పుడు, ఎవరో బొట్టు పెట్టారు. ఆ తరవాత టైరు ఎక్కించారు. ఇమ్మానుయేలూ, నువ్వు వేశాక ఈ చక్రాలు ఇంకెవరి చేతిలోకైనా వెళ్ళాయా?"

ఇమ్మానుయేలు కళ్ళు ఒక్కసారి పైకి లేచాయి. "ఎల్లేయి మేడం. నాను రిమ్ములు కడిగే ఎక్కించేను, అప్పుడీ పసుపు నేదు. టైర్లేసేక స్టీరింగు ఓ పక్కకి లాగతందన్నాడు బావ. అలైన్‌మెంటు మిషను నాకు నేదు. విజీనారంలో నగరేశ్వరరావు గారి కొట్టుకి నానే పంపించేను. శుక్రవారం పొద్దుట ఇచ్చి సాయంత్రం తెచ్చుకున్నాడు."

"ఆ యేళ ఆయన బడికి బస్సు మీదెల్లేరు" అంది మెర్సీ. "వానకి తడిసిపోయొచ్చేరు. నాకు గురుతున్నాది."

"నగరేశ్వరరావు గారి కొట్లో బొట్టు పెడతారా?"

"పెట్టకండా ఆ గుమ్మం దాటి ఒక్క సక్రం బైటికి రాదు మేడం. ఆళ్ళ తాతల నాటి ఆనవాయితీ అది. మాలాటోళ్ళ బండైతే ఏటీ అనుకోకండా లోపలెక్కడో పెట్టీసి టైరెక్కించీస్తారు. మానడం మాత్రం మానరు. నూకయ్యనే మేస్త్రీ ఉన్నాడక్కడ. బొట్టెట్టకపోతే సెయ్యి ఆడదంటాడు."

"అలైన్‌మెంటు చెయ్యడానికి రిమ్ము నుంచి టైరు విప్పాలా?"

"అక్కర్లేదు మేడం. దానికి టైరు ముట్టుకోరు."

"మరి టైరు విప్పకుండా దాని కింద ఈ బొట్టు ఎలా పెట్టారు?" అంది పద్మకుమారి.

"టీ అట్టుకొస్తాను సార్" అన్నాడు కూర్మయ్య. రాస్తున్న కాయితాలు బానెట్టు మీద పెట్టి, వానలోనే వెళ్ళిపోయాడు.

సీఐ ఇంకా లొంగలేదు. "ఊహలు. ఒకవేళ విప్పారనుకుందాం. పంక్చరు పడి ఉండొచ్చు. వీడు వేసిన టైర్లు వేరే ఉన్నాయని ఏది ఋజువు? ఈ దేశంలో ఆ సైజు టైర్లు వీడొక్కడి దగ్గరే ఉన్నాయా?"

"నా టైరుకి నా గురుతుంటాది సార్" అన్నాడు ఇమ్మానుయేలు. "ఎక్కించే ముందు లోపల తెల్లపెయింటుతో సిలువ గీస్తాను. మా నాన్న సైకిలు ట్యూబులకి గీసేవోడు. బైట గీస్తే బేరాలు రావు గదా, అందుకని లోపల. హిందువుల బళ్ళకీ గీస్తాను. ఆళ్ళకి తెలీదు. బాగానే తిరగతన్నారు."

"దీనికి లేదే."

"ఇది నాది కాదు గాబట్టి నేదు సార్."

"దొంగసరుకు మీద ఎవడైనా సిలువ గీస్తాడా? లేని గుర్తుని సాక్ష్యం అంటావు, నీ మొహం."

పద్మకుమారి ఆ మాటలు వింటూనే సీఐ కారు చుట్టూ నడుస్తోంది. ముందు చక్రం దగ్గర వంగి టైరు మీద గోరు గుచ్చింది. గోరు మెత్తగా దిగింది. పేరు చదివింది. అదే కంపెనీ, అదే సైజు. అద్దం పెట్టి అచ్చు చూసింది. చివర రెండంకెలు పదిహేడు.

"ఇమ్మానుయేలూ, ఈ రకం మన జిల్లాలో ఎవరెవరు అమ్ముతారు?"

"ఇప్పుడెవరూ తేరు మేడం. ఎప్పుడో తెచ్చినోళ్ళకి అమ్ముడవక మూలన పడున్నాయి. నాను విశాపట్నం నించి సెప్పి తెప్పించేను."

"సీఐ గారూ, మీరు ఈ టైర్లు ఎక్కడ వేయించారు?"

"నగరేశ్వరరావు దగ్గరే. అయితే ఏమిటి? ఆయన పెద్ద వ్యాపారి. ఎక్కడినుంచైనా తెప్పిస్తాడు."

"ఎప్పుడు?"

"ఆషాఢం కాబట్టి వద్దంది మా ఆవిడ. అయినా శుక్రవారం కదా అని, సాయంత్రం అట్నుంచి అటే పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కించి..."

ఆయన మాట మధ్యలోనే నిలిచిపోయింది. ఏ శుక్రవారమో ఎవరూ అడగలేదు. దాని తరవాత వచ్చిన ఆదివారం ఏమయిందో ఆయన స్వయంగా పంచనామా రాశాడు.

"ఒక్క టైరు విప్పిద్దాం" అంది పద్మకుమారి. "లోపల ఏమీ లేకపోతే ఇమ్మానుయేలుని నేనే చెయ్యి పట్టుకుని మీ జీపు ఎక్కిస్తాను. మళ్ళీ మీ కేసుల జోలికి రాను."

జయకృష్ణ గర్వం ఉన్న మనిషి. గర్వం ఉన్నవాళ్ళకి భయపడ్డట్టు కనిపించడం కన్నా భయమేమీ లేదు. "విప్పరా" అన్నాడు.

ఇమ్మానుయేలు జాకీ పెట్టి చక్రం ఊడదీశాడు. మిషను మీద పెట్టి గాలి తీశాడు. లివరుతో అంచు లేపాడు. టైరు బయటికి వచ్చింది. అతను లోపలికి చూడలేదు. పద్మకుమారి చేతికి ఇచ్చేసి వెనక్కి జరిగాడు.

ఆవిడ టార్చి వేసింది. నల్లటి రబ్బరు లోపల, గాలికీ చీకటికీ తప్ప ఎవరికీ కనపడని చోట, జానెడు తెల్ల సిలువ.

మెర్సీ దగ్గరికి వచ్చి, చెయ్యి లోపలికి పెట్టి వేలితో తడిమింది. పెయింటు ఒకచోట కారి గట్టిపడింది. ఆ బొట్టు దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఎంతకి కొన్నారు సీఐ గారూ?" అంది పద్మకుమారి మెల్లిగా.

జయకృష్ణ సిలువ మీంచి చూపు తిప్పుకున్నాడు. "కొనలేదు. చక్రాలు కొన్నాను. టైర్లు ఆయనే వేయించి పంపాడు. ఎక్కడివని అడగలేదు."

"మీకు ఊరికే ఇవ్వాలి. కొత్తవి ఊరికే ఇవ్వడానికి ఆయనకి చేతులు రావు. అదే రోజు అదే సైజు బండి కొట్లోకి వచ్చింది. స్కూలు మాస్టారిది. దాని టైర్లు మీకు, మూల పడ్డవి దానికి."

సీఐ ముఖం రంగు మారింది. తిరగబడతాడేమో అనుకుంది పద్మకుమారి. ఆయన తిరగబడలేదు. అంతకన్నా భయపెట్టే పని చేశాడు. నిదానంగా రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు.

"ఇమ్మానుయేలూ, టైరు ఎక్కించెయ్" అన్నాడు. "నీ మీద కేసు ఉండదు. రోడ్డు ప్రమాదం అని రాసి మూసేస్తాను. నువ్వు ఇంటికి పో. నాకూ ఇద్దరు పిల్లలున్నారు."

ఇమ్మానుయేలు కదలలేదు.  సీఐ టైరు కోసం తనే చెయ్యి చాచాడు.

మెర్సీ ఆ టైరుని నేల మీద పడేసి దాని మీద కూర్చుంది.

"లే అమ్మా" అన్నాడు సీఐ.

"నన్ను లాగీసి అట్టుకెల్లండి సార్. సూస్తాను. మా ఆయన బతుకు మీ బండి కింద తిరగతంది. ఊరికే వచ్చింది గదా, మీకేటి తెలుస్తాది." ఆమె గొంతు పెరగలేదు. అన్న వైపు తిరిగింది. "అన్నియ్యా, నువ్వు దాన్ని ఎక్కించకు. జైలుకెల్లినా సరే ఎక్కించకు. నాను బువ్వట్టుకొస్తాను."

ఇమ్మానుయేలు లివరు నేల మీద పెట్టేసి, ముఖం మోచేతిలో దాచుకున్నాడు.

అప్పుడు సీఐ ఫోను మోగింది. బానెట్టు మీద కాయితాల పక్కనే ఉంది. అందరి కళ్ళూ దాని మీదే పడ్డాయి. నగరేశ్వరరావు.

"ఎత్తండి. మాకూ వినపడేలా ఎత్తండి" అంది పద్మకుమారి.

జయకృష్ణ ఒక క్షణం ఆవిడని చూశాడు. తరవాత టైరు మీద కూర్చున్న మనిషిని చూశాడు. స్పీకరు నొక్కాడు.

"సార్, నమస్కారం. కూర్మయ్య ఇప్పుడే సెప్పేడు" అంది అవతలి గొంతు. తీరుబడిగా, తమలపాకు నములుతున్నట్టుగా ఉంది. "మీరేటీ మనసులో ఎట్టుకోకండి. మా ఆళ్ళు వేను ఏసుకుని చీపురుపల్లిలోనే ఉన్నారు. ఆ నాలుగూ, మీ నాలుగూ అట్టుకొచ్చీస్తారు. మీకు రేపు కొత్తవి ఏయించీస్తాను. తమరు అలా టీకెల్లి రండి. ఓ అరగంట పోయేక రండి, సాలు."

"లోపల ఆడవాళ్ళున్నారు నగరేశ్వరరావు గారూ" అన్నాడు సీఐ.

"అందుకే సార్ తమర్ని టీకెల్లమంటన్నాను."

జయకృష్ణ ఫోను కట్టేశాడు. తలుపు వైపు నడిచాడు. పద్మకుమారి చేతిలో టార్చి బిగించి పట్టుకుంది. ఆయన గుమ్మం దాటితే ఇక ఈ షెడ్డులో మిగిలేది ఇద్దరు ఆడవాళ్ళు, ఏడుస్తున్న ఒక మగవాడు, ఎనిమిది టైర్లు.

ఆయన గుమ్మం దాటలేదు. పైకి చెయ్యి చాచి షట్టరు అందుకుని, లోపలినుంచే బరబరా కిందికి లాగాడు. గొళ్ళెం వేశాడు. వెనక్కి తిరిగి, ఎవరి ముఖమూ చూడకుండా చొక్కా చేతులు మడుచుకున్నాడు.

"ఇమ్మానుయేలూ, నా బండికి ఇంకా మూడున్నాయి. విప్పు. పద్మకుమారి గారూ, కూర్మయ్య వదిలేసిన చోటినుంచి పంచనామా మీరు రాయండి. టైర్లు నాకు ఊరికే వచ్చాయని కూడా రాయండి. సంతకం పెడతాను."

ఆవిడ కలం తీసిందో లేదో, బయట నీళ్ళు చిమ్ముకుంటూ ఏదో బండి వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్న చప్పుడు. ఎవరో షట్టరు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టారు.

పద్మకుమారి నేల మీద బోర్లా పడుకుని, షట్టరు కింద సందులోకి అద్దం జరిపింది. అద్దంలో ముందు వేను చక్రాలు కనిపించాయి, పూర్తిగా అరిగి నున్నగా. వాటి పక్కన చెప్పుల కాళ్ళు చాలా ఉన్నాయి. వాటన్నిటికీ ముందు, తలుపుకి అంగుళం దూరంలో, తడిసిన పోలీసు బూట్లు ఒక జత.

"సార్, టీ తెచ్చేను" అంది కూర్మయ్య గొంతు. "తలుపు తీయండి."

* * *

బోనెల కాంతం, అరవై మూడేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది చీపురుపల్లిలో, రైల్వేగేటు అవతల, మా చిన్నమ్మాయి ఇంట్లో.